గుండీ చక్రం ఎర్రకారు

ఆ వీధిలో సీట్లాయన ఎర్రకారు గురించి వినని ప్రాణి లేదు. టీ కొట్టు వెనక పడుకునే కుక్కకి కూడా ఆ కథ కంఠతా వచ్చు. "నాకప్పుడు తొమ్మిదేళ్ళు" అని ఆయన గొంతు సవరించుకోగానే అది లేచి, ఒళ్ళు విరుచుకుని, పక్క సందులోకి వెళ్ళిపోయేది.

కథేమిటంటే, చిన్నప్పుడు ఆయనొక బొమ్మకారు కట్టాడు. కీ ఇచ్చి వదిలేసే రకం కాదు. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తుంది, కాగితం చూసుకుంటూ జిగురుతో అతికించుకోవాలి, రంగు మనమే పూసుకోవాలి, అదీ. ఈయన కట్టిన కారు ఎలాంటిదంటే, చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోస్తే, టీ తాగడం అయిపోయి గ్లాసు కడిగి బోర్లించినా తిరుగుతూనే ఉండేదట. రంగు ఎంత నున్నగా కుదిరిందంటే, ఇంట్లో అద్దం పగిలిన రోజు వాళ్ళ నాన్న ఆ కారు తలుపులో చూసుకుని గడ్డం గీసుకున్నాడట. మొదట్లో నాన్న సగం గడ్డమే గీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి గడ్డం మొత్తం నున్నగా అయింది. ఆ పైన మీసం కూడా కత్తిరించుకున్నాడు. ఇంకో ఏడాది పోనిస్తే ఆ రోజుల్లోని మగాళ్ళంతా సబ్బు నురగ పూసుకుని ఆ కారు ముందు వరస కట్టేవాళ్ళే.

మనిషి పని మాత్రం కోతల్లో లేదు, చేతుల్లో ఉంది. కార్లకి సీట్లు కుడతాడు. ఆయన చదువు పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి తొంగి చూసి, చెప్పులు విప్పకుండానే వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు ఒకే గది, ఒకే షట్టరు. గోడకి ఆనించిన స్పాంజి దిమ్మలు, మూలన నిలబెట్టిన రెక్సిను చుట్టలు, కిటికీ పక్కన కుట్టుమిషను. మిషను మీద భార్య, వీధిలో నిలబెట్టిన కారు కడుపులో ఈయన. ఆవిడ కుట్టిచ్చిన తొడుగుని స్పాంజి మీద పరిచి, మోకాలితో అదిమి, పళ్ళ మధ్య వంకర సూది పట్టుకుని లాగుతాడు చూడండి, ఒక్క ముడత మిగలదు. ఊరి టాక్సీవాళ్ళు దారిలో ఉన్న రెండు కొట్లు దాటుకుని మరీ ఈయన దగ్గరికి వస్తారు.

"నోట్లో సూది ఉన్నంతసేపే నా కొంపలో ప్రశాంతత" అంటుంది భార్య.

ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు. ఆయనకీ ఈ బొమ్మకార్ల పిచ్చే, కాకపోతే వేరే జాతిది. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో స్పీడు చూపించే ముల్లు దాకా అతికిస్తాడు. అద్దాల పెట్టెలో మూడున్నాయి. ఏ చుట్టమూ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. వెక్కిరించుకోవడానికి అంతకన్నా వీలైన వరస ఇంకోటి లేదు కదా.

ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర మీసం కత్తిరింపు ఘట్టం నడుస్తుండగా గడియారాలాయన అడిగాడు.

"బావా, ఆ కారు ఇప్పుడెక్కడుంది?"

"మా అక్క దగ్గర. అద్దాల బీరువాలో. తాళం కూడా."

"మీ అక్క ఈ ఊళ్ళోనేగా ఉండేది?"

"ఊళ్ళోనే. అంటే, ఆ చివర."

"ఆ చివరైతే ఏంటి, చంద్రమండలం కాదుగా. రేపు కొట్లకి సెలవు. తీసుకురా, కళ్ళారా చూస్తాం."

సీట్లాయన ఖాళీ గ్లాసుని ఇంకోసారి తాగాడు. "తెస్తాను. తేకేం" అన్నాడు.

"అయితే ఒక పందెం. నువ్వు చెప్పినట్టే ఉందనుకో, నెల రోజులు నేనిక్కడ నోరు విప్పను. నువ్వేం కోసినా తల ఊపుతూ వింటాను. లేదనుకో, నువ్వు విప్పకూడదు. టీ కూడా సైగతోనే అడగాలి."

చుట్టూ ఉన్నవాళ్ళు గ్లాసులు దించి మరీ విన్నారు. ఎవరికైనా నెల రోజుల మౌనం అంటే విశ్రాంతి. సీట్లాయనకి అంటే, చేపని గట్టు మీద పడేసి కాసేపు ఓపిక పట్టమనడం. కానీ అంతమంది ముందు వెనక్కి తగ్గితే అసలుకే మోసం. "సరే" అన్నాడు, మనసులో మాత్రం, అక్క దాన్ని ఏ చెత్తబుట్టలోనో పారేసి ఉంటే బాగుండునని వెయ్యి మొక్కులు మొక్కుకుంటూ.

మర్నాడు స్కూటరు మీద అక్క ఇంటికి వెళ్తుంటే, ఎన్నేళ్ళుగానో మీద కోతలు పేర్చి కప్పేసిన అసలు కారు ఒక్కొక్క ముక్కే బయటికి రావడం మొదలుపెట్టింది.

వంటగది బల్ల. ఒక పక్క అక్క, చేతిలో కాగితం. పన్నెండేళ్ళ పిల్ల, బడిలో పాఠం చెబుతున్నట్టు గట్టిగా చదువుతోంది. "మొదట సీట్లు అడుగు పలకకి అతికించవలెను." అటు పక్క తమ్ముడు. వాడికి సీట్లతో పనేంటి? కారంటే పైన మెరిసేది. అక్క మొదటి వాక్యం పూర్తి చేసేలోపు పైడొప్పకి జిగురు పూసి, అడుగు పలక మీద బోర్లించి, ఎక్కి కూర్చున్నంత పని చేశాడు.

"ఒరేయ్, సీట్లురా" అంది అక్క.

"తర్వాత పెడతాలే."

"మూసేశాక ఎలా పెడతావు?"

ఆ ప్రశ్న వాడికి అంతవరకూ తట్టలేదు. సీట్లు అరచేతిలో మిగిలిపోయాయి. స్టీరింగుని కిటికీలోంచి లోపలికి పడేశాడు. ఎక్కడైనా అతుక్కుంటుందిలే అనుకుంటే, అది లోపల గింజలా గలగలలాడింది. ముందద్దం పెట్టేటప్పుడు బొటనవేలు దానికి అతుక్కుపోయింది. వేలికి కారు వేలాడదీసుకునే అన్నానికి కూర్చున్నాడు. వేడినీళ్ళలో ముంచి లాగితే వేలు ఊడింది గానీ, వేలిముద్ర అద్దంలోనే ఉండిపోయింది. చక్రాలు తిరుగుతూ జారిపోతున్నాయని వాటికీ ఇంత జిగురు పెట్టాడు. ఇక అవి జన్మలో తిరగలేదు. నాలుగోది బల్ల కింద ఎక్కడికో దొర్లిపోతే నాన్న కోటు గుండీ కోసి అతికించాడు. గేటుకి వేయగా మిగిలిన ఎర్రరంగుని బూట్లు తుడిచే బ్రష్షుతో పూశాడు. ఆ రంగులో బ్రష్షు వెంట్రుకలు, ఒక దోమ.

నిలబెడితే కారు ఒక పక్కకి ఒరిగింది, కునుకుతీసేవాడిలా. ఇల్లంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనిది వాడొక్కడే. అంత అందమైన వస్తువుని చూసి వీళ్ళెందుకు నవ్వుతున్నారో వాడికి నిజంగా అర్థం కాలేదు. ఆ రాత్రి జిగురు కంపు కొడుతున్నా దాన్ని తలగడ పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. మిగిలిన సీట్లని చొక్కా జేబులో వేసుకుని కొన్నాళ్ళు తిరిగాడు, ఏదో ఒక దారి దొరక్కపోతుందా అని. ఆయన పెద్దయ్యాక వేరే పనులన్నీ వదిలేసి సీట్ల పనిలోనే ఎందుకు పడ్డాడని అడిగేవాళ్ళకి ఇంతకన్నా జవాబు లేదు. ఈ రోజుకీ ఏ కారు తలుపు తెరిచినా ముందు సీటే చూస్తాడు.

అక్క తలుపు తీసింది.

"అక్కా, ఆ ఎర్రకారు పారేసి ఉంటావు కదా?" అన్నాడు లోపలికి అడుగైనా పెట్టకుండా.

"పారేస్తానా? నా పెళ్ళి చీరల పెట్టెలో ఉంది."

ఆయన ముఖం చూసి విషయమంతా లాగేసింది. లాగి, సోఫా మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"అది పోయిందని చెప్తానక్కా. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. నువ్వు ఊ అంటే చాలు."

అక్క నవ్వు ఆగిపోయింది. "నా ఇంట్లో వస్తువు పోయిందని వీధిలో చాటిస్తావా? ఇన్నిసార్లు ఇల్లు మారాను. ఒక్క చెంచా పోలేదు. ఉండు, చీర మార్చుకొస్తా. నేనూ వస్తున్నా."

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయనకి. కిక్కురుమనకుండా స్కూటరు తిప్పాడు. వెనక సీటు మీద అక్క, ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన కారు.

టీ కొట్టు దగ్గర తువ్వాలు విప్పేసరికి అందరూ మెడలు చాచారు. గడియారాలాయన భూతద్దం బిగించుకుని, కారుని అటు తిప్పి ఇటు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల గలగలమంది.

"బావా, ఇందులో దోమ ఉంది" అన్నాడు చాలా మర్యాదగా.

"మీ మామగారు దీంట్లోనా గడ్డం గీసుకుంది?" అని టీ కొట్టావిడ, వేడుక చూడ్డానికి వచ్చిన సీట్లాయన భార్యని అడిగింది.

"అందుకే కాబోలు, ఫోటోలో ఆయనకి బుగ్గన గాటుంటుంది" అంది భార్య.

సీట్లాయన ఏదో అనబోయాడు. గడియారాలాయన వేలు చూపించాడు. నోరు మూతపడింది.

ఆ రోజుల్లో ఆయన పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. టీ కావాలంటే బొటనవేలు, చక్కెర వద్దంటే అడ్డంగా తల. ఎవరో తమ మామయ్య పెద్ద చేప పట్టాడని చెబితే, అంతకు రెండింతల చేప ఆయన నాలుక చివరిదాకా వచ్చి, టీతో పాటు కడుపులోకి పోయేది. టీ దగ్గర మూసిన నోరు కొట్లోనూ తెరుచుకోక, మిషను చప్పుడొక్కటే మిగిలింది. "ఒంట్లో బాగానే ఉందా?" అని భార్య నుదురు పట్టుకుని చూసింది.

కష్టాలు ఒంటరిగా రావు, అక్కని వెంటబెట్టుకుని వస్తాయి. ఆవిడకి ఆ టీ నచ్చింది, టీ కన్నా వినే మనుషులు నచ్చారు. వారానికి రెండు మూడు సాయంత్రాలు బస్సెక్కి రావడం మొదలుపెట్టింది. "వాడికి నోరు లేదుగా పాపం, వాడి బదులు నేను చెప్తాను" అని బెంచీ మీద కూర్చునేది. చక్కెర డబ్బా పక్కన ఆ కారు పెట్టే ఉండేది.

మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పింది. ఒకే నెత్తురు కదా, ఎంతసేపు ఆగుతుంది? "వంకర వంకర అని నవ్వుతున్నారు గానీ, మలుపులో దానంతట అదే తిరగాలని వాడు అలా పెట్టాడు" అంది ఒక సాయంత్రం. సీట్లాయన గర్వంగా తల ఊపాడు. తర్వాతి వారం ఆ ఆలోచన ఇద్దరిదీ అయింది. ఆయన తల ఊపడం తగ్గించాడు. ఆ పై వారం, ఇంకా కొద్దిరోజులే మిగిలాయి పందెం గడువుకి, గడియారాలాయన కారుని చేతిలోకి తీసుకుని అడిగాడు.

"అయితే వదినగారూ, ఇది ఎవరి చేతిపని?"

"నాదే. వాడు జిగురు గొట్టం పట్టుకుని నిలబడ్డాడంతే."

టీ గ్లాసు బల్ల మీద ఠంగుమంది.

"కాదు" అన్నాడు సీట్లాయన.

అందరూ ఆయన వైపు తిరిగారు. అన్నాళ్ళు వాడని గొంతు తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది.

"అది నేను కట్టాను. తిరిగే చక్రాలకి జిగురు పెట్టింది నేను. గుండీ కోసింది నేను. సీట్లు పెట్టకుండా డొప్ప మూసేసింది నేను. నువ్వు వద్దన్నావు కదక్కా, గుర్తులేదా? నువ్వు కట్టి ఉంటే తిన్నగా వచ్చేది. అందులో తిన్నగా ఉన్నది ఏదైనా ఉందేమో చూపించు."

అక్క కారు వైపు చూసింది, చూపించడానికి ఏమీ దొరకలేదు. "అదీ నిజమే" అంది.

గడియారాలాయన నిదానంగా టీ ఊదుకున్నాడు. "బావా, నోరు విప్పావు. ఈ రోజు నుంచి మళ్ళీ నెల."

"రెండు నెలలైనా ఉంటాను. ముందు ఇది చెప్పనీ." సీట్లాయన కారుని ఒళ్ళోకి తీసుకుని బెంచీ మీద అక్కని పక్కకి జరిపాడు. "వంటగది బల్ల. ఇదిగో, ఇక్కడ మా అక్క కాగితం పట్టుకుని చదువుతోంది. నేను వినడం లేదు."

గడియారాలాయన తన స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.