మాస్‌ఫెట్ బంద్ కాలేదు

నా భార్య పాదాలకు స్పర్శ పోయి మూడేళ్లయింది. షుగర్ వల్ల అని దవాఖానలో చెప్పారు. చెప్పు జారిపోయినా తెలియక నాలుగడుగులు అలాగే నడుస్తుంది. విచిత్రమేమిటంటే, బయటి వేడి తెలియని ఆ పాదాలే లోపలి నుంచి చల్లగా గుంజుతున్నాయని ఆమె బాధ. చలికాలం వస్తే మధ్యాహ్నం పూట కూడా దుప్పటిలో కాళ్లు రుద్దుకుంటూ పడుకునేది. వేడి కాపడం పెట్టొద్దని, కాలినా ఆమెకు తెలియదని నర్సమ్మ గట్టిగా చెప్పింది. నేను పక్కనే ఉండి విన్నాను. విని, అది వేడినీళ్ల సీసాలు పెట్టుకునే తెలివితక్కువ వాళ్లకు చెప్పిన మాట అనుకున్నాను.

ఎందుకంటే నేను ఎలక్ట్రీషియన్ని. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయిలో మోటార్లు చూసి, రిటైరై గోదావరిఖనిలో ఇల్లు కట్టుకున్నవాణ్ని. నాకు కోపం ఎక్కువ. బాయిలో నా కింద పనిచేసిన వాళ్లను అడిగితే చెబుతారు, మోటారు చప్పుడులో కూడా నా తిట్లు వినబడేవట. తిట్టడానికి కారణం లేకపోలేదు. బొగ్గు నింపిన టబ్బులను లాగే హాలేజీ మోటారు మీద చేయి వేయాలంటే ముందు ప్యానెల్ దగ్గర బంద్ చెయ్యాలి. బంద్ చేశాక స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి, అది నిజంగా కదలడం లేదని చూసుకోవాలి. ఆ తర్వాతే చేయి పెట్టాలి. ఈ రెండో పని ఎగ్గొట్టిన వాణ్ని నేను వదిలేవాణ్ని కాదు. "బంద్ జేసిన అని నోటితోని చెప్పకు. నొక్కి సూపియ్యి" అనేవాణ్ని.

పోయిన చలికాలం ఆమె కాళ్లకు వేడి పట్టీ చేసిస్తానని పూనుకున్నాను. రెండు నూలు బట్టల మధ్య సన్నటి హీటర్ తీగ కుట్టి, ఇంట్లో ఉన్న పన్నెండు వోల్టుల బ్యాటరీతో నడపాలని నా ఆలోచన. షాకు భయం ఉండదు. దాన్ని వేసి తీయడానికి మాత్రం కాంటాక్టర్ లాంటిదేదో కావాలి. చౌరస్తా దగ్గర ఎలక్ట్రిక్ ఆటోలు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు, వయసులో నా కొడుకంత ఉంటాడు. అతన్ని అడిగితే చిన్న నల్ల బిళ్ల ఒకటి ఇచ్చాడు. దానికి మూడు కాళ్లున్నాయి.

"గిది మాస్‌ఫెట్ కాక. గిది గేటు, గిది డ్రెయిన్, గిది సోర్సు. డ్రెయిన్ కెల్లి సోర్సుకు కరెంటు పోతది. పోవాలెనా వద్దా అని చెప్పేది గేటు. గేటు మీద పన్నెండు వోల్టులు వెట్టు, తొవ్వ తెరుసుకుంటది."

"గేటు ఎంత కరెంటు తింటది?" అని అడిగాను.

"ఏం తినది. లోపల అద్దం లెక్క సన్న పొర ఉంటది, కరెంటు దాన్ని దాటదు. వోల్టేజీ ఉంటె చాలు. గాని నిండ వెట్టాలె. తక్కువ వెడితె తొవ్వ సగమే తెరుసుకుంటది, అప్పుడు ఇదే వేడెక్కి కాలిపోతది."

తర్వాత పది కిలో ఓముల రెసిస్టర్ ఒకటి నా చేతిలో పెట్టాడు. "గిది గేటుకు, సోర్సుకు నడుమ అతికియ్యి. మరువకు కాక" అన్నాడు. నేను తలూపి చొక్కా జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చి బల్ల మీద పని మొదలుపెట్టాను. బ్యాటరీ ప్లస్సు నుంచి పట్టీకి, పట్టీ నుంచి డ్రెయిన్‌కు, సోర్సు నుంచి బ్యాటరీ మైనస్సుకు తీగలు కలిపాను. ప్లస్సు నుంచే ఒక చిన్న స్విచ్చి మీదుగా గేటుకు ఇంకో తీగ. ఇంతవరకు బాగానే ఉంది. రెసిస్టర్ దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర అడ్డం తిరిగింది. కాంటాక్టర్ సంగతి నాకు తెలియనిదా? కాయిల్‌కు కరెంటు ఇస్తే ఇనుము అతుక్కుంటుంది, కరెంటు తీస్తే స్ప్రింగు తన్ని ఠప్పున విడిపోతుంది. ఆపడానికి వేరే ఏమీ అక్కర్లేదు, ఇవ్వడం మానేస్తే అదే ఆగుతుంది. గేటుకు వోల్టేజీ తీసేస్తే ఇదీ అంతేనని తేల్చేసుకున్నాను. నిన్నగాక మొన్న పని నేర్చినవాడు నాకు చెప్పేదేమిటన్న గీర కూడా ఉంది, దాచడం ఎందుకు.

పట్టీ బదులు ఆటో బల్బు పెట్టి పరీక్ష చేశాను. స్విచ్చి వేస్తే వెలిగింది, తీస్తే ఆరింది. పదిసార్లు చేసినా పదిసార్లూ ఆరింది. ఆ పదిసార్లూ నల్లబిళ్ల కాళ్లను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఉన్నానన్న సంగతి మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. అన్నిటినీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, ఫ్యూజు కూడా పెట్టి మూత వేశాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె కాళ్ల కింద పట్టీ పరిచి, పైన దుప్పటి కప్పి స్విచ్చి వేశాను. చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. నిజానికి కాళ్లకు తెలియకపోయినా, "పానం హాయిగున్నది" అంది. నా తృప్తి కోసం అందో ఏమో. పది నిమిషాల్లో నిద్రపోయింది. పావుగంట కాగానే స్విచ్చి తీశాను, టక్కుమంది. పట్టీ లాగితే లేస్తుందని అలాగే ఉంచి తలుపు దగ్గరికి వేసి బయటపడ్డాను.

ఎక్కడికంటే, ఆ మెకానిక్ దగ్గరికే, గొప్ప చెప్పుకోవడానికి. ముందు చాయ్ హోటల్లో కాసేపు కూర్చుని, తర్వాత అతని షాపుకు పోయాను. "నీ రెసిస్టర్ లేకుంటనే నడుస్తున్నది. సూడు, నా జేబులనే ఉన్నది" అని తీసి చూపించాను.

అతను నవ్వలేదు. పనిచేస్తున్న బోర్డు పక్కన పెట్టి, ఒక మాస్‌ఫెట్, బల్బు, బ్యాటరీ బల్ల మీద కలిపాడు. తీగ కొసతో గేటును ఒకసారి తాకించి తీసేశాడు. బల్బు వెలిగింది. తీగ అతని చేతిలో ఉంది, గేటును ఏదీ తాకడం లేదు, బల్బు వెలుగుతూనే ఉంది. నేను ఆరుతుందని చూస్తూ నిలబడ్డాను. అది ఆరలేదు.

"గేటుకు ఇచ్చిన చార్జి గేటు మీదనే నిలబడతది కాక. దాన్ని కిందికి దించేటోడు ఉండాలె. గందుకే రెసిస్టర్ ఇచ్చిన." అని గేటు, సోర్సు కాళ్ల మీద రెండు వేళ్లు ఆనించాడు. బల్బు ఆరిపోయింది. "నువ్వు కాళ్లు పట్టుకోని సూసినవ్ గావచ్చు. నీ వేళ్లలకెల్లి చార్జి దిగింది." ఆ తర్వాత నా ముఖం చూసి అడిగాడు. "యాడున్నదది ఇప్పుడు?"

నేను బయటికి పరుగెత్తి బండి స్టార్ట్ చేశాను. స్విచ్చి తీసి ముప్పావుగంట దాటింది. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పడుకునేటప్పుడు చప్పుడు రాకుండా పెట్టుకోమని ఆమెకు నేర్పింది నేనే. అది సాయంత్రం నాలుగింటికి షిఫ్టు మారే వేళ. రోడ్డంతా డ్యూటీకి పోయే బండ్లు, వచ్చే బండ్లు, మధ్యలో బొగ్గు టిప్పర్లు. ఒక టిప్పర్ వెనక ఇరుక్కుని ఎటూ కదలలేకపోయాను. బాయిలో పైకప్పు చప్పుడు చేసినప్పుడు కూడా నేను అంత భయపడలేదు. ఫ్యూజు పెట్టాను కదా అని ఒకసారి ధైర్యం చెప్పుకున్నాను. పట్టీ తీసుకునేది మామూలు కరెంటే, ఫ్యూజు ఎందుకు పోతుందని వెంటనే గుర్తొచ్చింది. స్విచ్చి టక్కుమన్న చప్పుడు విని, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ కాంటాక్టర్ విడిపోయిందనుకున్నాను. మాస్‌ఫెట్‌కు చప్పుడే ఉండదు. ఆ చప్పుడు స్విచ్చిది మాత్రమే. తీశాక పట్టీ మీద ఒక్కసారి చేయి పెట్టి చూసి ఉంటే సరిపోయేది. ఇంకొకడు ఆ పని చేయకపోతే వాణ్ని బాయి అదిరేలా తిట్టేవాణ్ని.

ఇంట్లోకి పోయేసరికి ఆమె అలాగే ప్రశాంతంగా నిద్రపోతోంది. బ్యాటరీ తీగ పీకేసి దుప్పటి తీశాను. వేడికి పట్టీ మీద చేయి ఉంచలేకపోయాను. ఎడమ పాదం అంచు, చిటికెన వేలు కింద, తెల్లగా ఉబ్బి పొక్కింది. ఆమె కళ్లు తెరిచి "ఏమైంది?" అని అడిగింది. పాదం చూసుకుని కూడా అంతే నిదానంగా "నాకేం తెలుస్తలేదు" అంది.

"డబ్బాల సామాను ఖరాబున్నది" అన్నాను. ఆ ఒక్క అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

దవాఖానలో ఎట్లా కాలిందని డాక్టర్ అడిగితే నేను నోరు తెరిచేలోపే ఆమె, "ఉడుకునీళ్లు మీద వోస్కున్న సారు" అంది. నర్సమ్మ తిడుతుందని భయపడి అలా చెప్పిందనుకున్నాను. నేను కాదనలేదు. షుగర్ ఒంట్లో పుండు తొందరగా మానదని, పాదం నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనని డాక్టర్ అన్నాడు. అప్పటి నుంచి రోజు విడిచి రోజు కట్టు. కట్టు విప్పిన ప్రతిసారి నేను పుండు రంగు చూసి, డాక్టర్ ముఖం చూసేవాణ్ని. మూడో వారంలో చిటికెన వేలు నల్లబడింది. దాన్ని తీసేశారు. దాంతో ఆగింది, పాదం దక్కింది.

వేలు తీశాక ఇంటికి వచ్చిన వారానికి ఒక పొద్దున, ఆమె కాలు నా ఒళ్లో పెట్టుకుని కట్టు మారుస్తూ, ఇక ఓర్చుకోలేక చెప్పేశాను. సామాను ఖరాబు కాలేదని, మెకానిక్ ఇచ్చిన రెసిస్టర్ నేనే కావాలని పెట్టలేదని, ఆపేశాక చేయి పెట్టి చూడలేదని, మొత్తం చెప్పాను.

ఆమె గాజుగుడ్డ చుట్ట నా చేతికి అందించింది.

"గా దినమే తెల్సింది" అంది. "దవాఖానకు పొయ్యేటప్పుడు ఆటో ఆయన తప్పు తొవ్వల తీస్కపోయినా ఊకున్నవ్. చిట్టీ రాసే కాడ గంట సేపు నిలవెట్టినా ఎవ్వల్ని ఒక్క మాట అనలే. తప్పు వేరేటోల్లదైతె నువ్వు ఒర్రకుంట, తిట్టకుంట ఉంటవా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కాలు ఒళ్లోనే ఉంది, కట్టు సగమే కట్టాను, మిగతాది ఆమే వంగి కట్టుకుంది.