తెల్ల రిబ్బను కట్టించిన అర్ఫజ్ పొదలు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది సెప్టెంబరులో నన్ను ఖఫ్జీ పంపారు. అప్పుడు నేను సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక పర్యావరణ సర్వే సంస్థలో సీనియర్ ఫీల్డ్ బొటానిస్టుని. ఖఫ్జీ పట్టణానికి పడమరగా, ఇసుక నేలలో పైపుల యార్డు కట్టబోతున్నారు. బుల్డోజర్లు రాకముందే అక్కడ ఏయే మొక్కలున్నాయో గుర్తించడం మా పని. అర్ఫజ్ అనే ఎడారి పొదల జోలికి వెళ్ళకూడదు, చుట్టూ కంచె వేయాలి అని పర్మిట్‌లో షరతు ఉంది. మిగతావి తీసేయవచ్చు.

అర్ఫజ్ అని పొరబడేది జత్‌జాత్ అనే మొక్కను చూసి. రెండూ చామంతి కుటుంబానివే, రెండింటివీ పసుపు పూలే. వసంతంలో తేడా చెప్పడం కష్టం కాదు. అర్ఫజ్ పువ్వుకు చుట్టూ రేకులు విచ్చుకుంటాయి, జత్‌జాత్ పువ్వు బొత్తాంలా ఉంటుంది. ఎండాకాలం దాటేసరికి ఆకులు రాలిపోయి రెండూ ఎండుపుల్లల మోపుల్లా మిగులుతాయి. అప్పుడు ఎండిన పువ్వును విప్పి, గింజను భూతద్దం కింద చూడాలి. జత్‌జాత్ గింజకు నూగు ఉంటుంది, అర్ఫజ్ గింజకు ఉండదు. ప్రతి ప్లాటులో కనీసం మూడు పొదలకు ఇలా చూసి, ఫీల్డ్ షీటులో పేరు రాసి సంతకం చేయడం నా బాధ్యత. అర్ఫజ్‌కు ఎర్ర రిబ్బను, తీసేయదగ్గవాటికి తెల్లది.

రిబ్బన్లు కట్టే పని పోశెట్టిది. జగిత్యాల వైపు మనిషి. మా దగ్గరికి రాకముందు నాలుగేళ్ళు వీసా ఇచ్చిన ఒక కఫీల్ దగ్గర, అంటే అరబ్బు యజమాని దగ్గర, ఒంటెలు కాశాడు. డ్రైవర్ ఖాదర్ భాయ్‌ది కడప.

మూడో రోజు మధ్యాహ్నం నేను బండి ఏసీలోంచి దిగలేదు. కిటికీలోంచి చూసి, పన్నెండో ప్లాటు మొత్తం జత్‌జాత్ అని చెప్పాను. పోశెట్టి తెల్ల రిబ్బను చుట్ట చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

“సార్, గిది జత్‌జాత్ గాదు. అర్ఫజ్. ఒంటె దీన్ని కడుపునిండ తింటది. జత్‌జాత్‌ల మూతి గూడ వెట్టది. పువ్వు నలిసి ఊదుండ్రి, నూగు లేస్తదేమో సూడుండ్రి.”

ఖాదర్ నవ్వాడు. “ఏమప్పా పోశెట్టీ, సారు కాలేజీలో చదివిన చదువు నువ్వు ఒంటెల కాడ చదివినావా?”

“సదివిన భాయ్. ఒంటె సర్టిఫికెట్ ఇయ్యలే, గంతే.”

ఖాదర్ ఇంకా గట్టిగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కట్టమన్నాను. కట్టాడు. షీటులో జత్‌జాత్ అని రాసి సంతకం చేశాను. సాయంత్రం బండి దిగేటప్పుడు అతను బిస్కెట్ల కాగితంలో చుట్టిన పొట్లం నా క్లిప్‌బోర్డు మీద పెట్టి వెళ్ళాడు. అందులో పన్నెండో ప్లాటు ఎండుపూలు ఉన్నాయి.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసులో ఆ పొట్లం విప్పాను. ఒక పువ్వును అరచేతిలో నలిపి ఊదాను. పొట్టు ఎగిరింది గాని నూగు లేవలేదు. మరో రెండు నలిపాను. అదే ఫలితం. బుల్డోజర్లు రావడానికి ఇంకా వారం ఉంది. సైటుకు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేస్తే చూడకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. నూగు ముందే రాలిపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకుని, పొట్లం చెత్తబుట్టలో వేశాను.

మార్చిలో తనిఖీ అధికారి వచ్చాడు. పన్నెండో ప్లాటు చాలావరకు చదునైపోయింది. అంచున మిగిలిన పొదలు మాత్రం తెల్ల రిబ్బన్లతోనే పసుపు పూలు పూసి ఉన్నాయి. అర్ఫజ్ పూలు. కంపెనీ సంజాయిషీ అడిగింది. ఫీల్డ్ షీట్లు ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి, ఇంటిల్లిపాది ఇకామాలూ, అంటే నివాస అనుమతులూ, నా ఉద్యోగం మీదే ఉన్నాయి. ఇది కారణమే గాని సమర్థన కాదు. ఆ షీటు చించి, అర్ఫజ్ అని కొత్తది రాసి, పాత తేదీ వేసి సంతకం చేశాను. దాంతో నేను పేరు సరిగ్గానే పెట్టినట్టు, పోశెట్టి రిబ్బను తప్పు కట్టినట్టు అయింది.

విచారణ పావుగంటలో ముగిసింది. లోపలికి వెళ్ళేముందు పోశెట్టి నా దగ్గరికి వచ్చాడు. “సార్, మీరు ఏ రంగు జెప్తె గదే గట్టిన గదా. మీరు ఒక్క మాట జెప్పుండ్రి, మీదైతె ఇంటరు.” మేనేజరు అడిగితే, అతను ఎండలో రంగులు తారుమారు చేసి ఉండవచ్చని చెప్పాను. ఖాదర్‌ను ఎవరూ పిలవలేదు. పిలవమని నేనూ అనలేదు. పోశెట్టి వీసా రద్దు చేసి, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు. దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు అతన్ని దింపి వచ్చిన ఖాదర్, ఆ తర్వాత నాతో “యాడికి సార్?” అన్న మాట తప్ప మరేదీ మాట్లాడలేదు.

నిరుడు నేను ముందస్తుగా రిటైరయ్యాను. జరిగింది జరిగినట్టు సంస్థకు ఉత్తరం రాసి, పోశెట్టి నంబరు ఖాదర్ దగ్గర తీసుకుని ఫోన్ చేశాను. షీటు మార్చిన సంగతి చెప్పాను. అతను ఒకటే అడిగాడు.

“నేనిచ్చిన పువ్వు ఊదిండ్రా సార్?”

“ఊదాను.”

“నూగు లేసిందా?”

“లేవలేదు.”

“మీకు గప్పుడే ఎరుకన్నట్టు,” అని ఫోన్ పెట్టేశాడు.

ఎండిన మొక్కకు గింజ చూడకుండా పేరు పెట్టకూడదు. కాదన్న మనిషి ఉంటే, అతని పేరూ అతను చెప్పిన కారణమూ ఆ రోజే షీటులో రాయాలి. నేను రాయని వరుస ఇది: పన్నెండో ప్లాటు, అర్ఫజ్. గుర్తించినది పోశెట్టి. తెల్ల రిబ్బను కట్టించినది నేను.