చెల్లికి నేర్పని జవాబు

గుండీలు కుట్టే షెడ్డులో ఆ పిల్లను అందరూ సూది అనేవాళ్ళు. సన్నగా ఉంటుందని కాదు, ఒక మాటంటే తిరిగి గుచ్చుతుందని. పంతొమ్మిదేళ్ళది. ఊరు తగలబడితే ఎనిమిదేళ్ళ చెల్లెల్ని వెంటబెట్టుకుని సరిహద్దు దాటి వచ్చింది.

"ఉన్నవాళ్ళకే దిక్కులేదంటే మీరొకళ్ళు తగలడ్డారు" అని మేస్త్రీ రోజూ దెప్పేవాడు.

"అయితే ఈ మూడొందల గుండీలు నువ్వే కుట్టు మేస్త్రీ, ఇప్పుడే పోతా" అనేది. అంత నోరున్నదీ శరణార్థుల ఆఫీసులో మాత్రం కిక్కురుమనేది కాదు.

అక్కడ అక్కాచెల్లెళ్ళను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు. జవాబులు కలిస్తే ఇద్దరూ కలిసి ఉండొచ్చు. కలవలేదా, నువ్వు సొంత అక్కవని నమ్మకమేమిటంటూ చిన్నదాన్ని అనాథాశ్రమానికి లాక్కుపోతారు. ఏం న్యాయమండీ! కొంప కాలినవాళ్ళు ఆ కొంపకు ఎన్ని కిటికీలో లెక్క చెప్పాలట.

అందుకే నెల రోజులు తల దువ్వుతూ, బట్టలుతుకుతూ చెల్లెలి చేత బట్టీ పట్టించింది. తలుపు రంగు? నీలం. కిటికీలు? మూడు. మేకకు విరిగిన కొమ్ము? ఎడమది.

"చాలక్కా, నిద్దట్లో లేపి అడిగినా చెప్తా" అని చెల్లెలు విసుక్కుంది.

ఆ రోజు అధికారి ఇద్దరి జవాబులూ ముందు పెట్టుకుని, ఇద్దర్నీ ఎదుట నిలబెట్టాడు.

"అన్నీ చిలకపలుకులు. ఒక్కటి తప్ప. మీ అమ్మ పోయిందని నువ్వన్నావు. వెనకాల వస్తోందని ఇదంటోంది. ఎవరిది అబద్ధం?"

"నువ్వే కదక్కా చెప్పావు," అంది చెల్లెలు, "అమ్మ మెల్లగా నడిచి వస్తోందని!"

సూదికి ఒళ్ళు మండిపోయింది, వాడి మీద కన్నా తన మీదే ఎక్కువ. దారిలో పిల్ల కదలనని మొరాయిస్తే ఆ మాట చెప్పే నడిపించింది. తర్వాత నిజం నోటిదాకా వచ్చినప్పుడల్లా మింగేసింది.

"తొందరగా చెప్పు, బయట ఇంకా పాతికమంది ఉన్నారు" అని అతను గడియారం చూసుకున్నాడు. వాడి గడియారం పగల!

"దీనికి నేను చెప్పిందే అబద్ధం సార్." సూది మోకాళ్ళ మీద కూర్చుని చెల్లెలి భుజాలు పట్టుకుంది. "అమ్మ ఇంక రాదే. ఇంట్లోనే పోయింది. నేను చూశాను."

చెల్లెలు ఏడవలేదు. "అమ్మ వస్తుందని నేను రోజూ షెడ్డు గేటు దగ్గర కూర్చుంటుంటే చూస్తూ ఊరుకున్నావు కదే, దొంగమొహమా!" అంటూ రెండు చేతులా అక్కను బాదింది.

అధికారి ఆ దెబ్బలు చూశాడు. "సొంత అక్కే" అని ముద్ర కొట్టి, తరవాతి వాళ్ళను పిలిచాడు.

వీధిలోకి రాగానే సూది చెయ్యి చాచింది. చెల్లెలు పట్టుకోలేదు.

"నువ్వు పో," అంది. "నేను మెల్లగా వెనకాల వస్తాలే."