లాగితే నడుముదాకా

పెళ్లిచూపుల నాడు పూర్ణిమ జుట్టు తడిగా ఉంది. రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో కుళాయి నీళ్లు పొద్దున్నే వస్తాయి. తలంటుకుని, ఆరకముందే నూనె రాసి బిగించి అల్లేయడం చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో అలవాటు. తండ్రి సూర్యారావు వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టర్. కూతురి రింగుల జుట్టును దాచాలని ఆయనకు తట్టనే లేదు. వచ్చినవాళ్లకు నడుము దాటిన జడ కనిపించింది, అంతే.

బీర్‌గావ్‌లో అత్తవారింట్లో కొత్తకోడలు మొదటిసారి తలంటుకుని పెరట్లో ఎండకు నిలబడింది. ఆరేకొద్దీ జుట్టు పైకి ముడుచుకుంటూ చెవుల దగ్గర ఆగింది. అత్త అప్పలనరసమ్మ బియ్యం చేట పక్కన పెట్టి లేచింది.

"ఒలమ్మో, ఇదేటే? ఆ రోజు సవరం పెట్టి కూకోబెట్టారా?"

"సవరం కాదత్తా. ఆరితే ముడుచుకుంటాది, నీళ్లు తగిల్తే మళ్లీ సాగుతాది."

"జుత్తా, రబ్బరా?" అని అప్పలనరసమ్మ ఒక పాయ పట్టుకుని లాగింది. అది నడుముదాకా వచ్చింది. వదిలేసింది. చప్పున చెవి దగ్గరికి ఎగిరింది. గోడ అవతలి ఇంటామె చూసి, "అరే, స్ప్రింగ్ హై క్యా!" అని పడీపడీ నవ్వింది.

ఆ రోజునుంచి అది ఆ ఇంట్లో ఒక వేడుకైంది. చుట్టాలొస్తే టీ తోపాటు పూర్ణిమనూ పిలిచేవారు. "ఇలా రాయే, సూపించు." వచ్చినవాళ్లు లాగేవారు, వదిలేవారు. భర్త నూకరాజు మొదట్లో అందరితోపాటు నవ్వాడు. తర్వాత సిగ్గుపడి, ఆమెను పెళ్లిళ్లకూ పేరంటాలకూ తీసుకెళ్లడం మానేశాడు.

"మా మిల్లులో ఇనుమే సాగుతాంది. నీ జుత్తు సాగదా?" అన్నాడొకసారి. అతను ఉర్లాలో ఇనుప చువ్వలు సాగదీసే మిల్లులో పనిచేసేవాడు.

ఆ మాట పట్టుకుంది అప్పలనరసమ్మ. కోడలి జుట్టు తడిగా ఉండగానే పీకి పీకి దువ్వి, కనుబొమలు పైకి లేచేలా అల్లి, జడ కొసను కిటికీ ఊచకు కట్టేది. ఆరేదాకా పూర్ణిమ అక్కడే కూర్చుని కూరగాయలు తరిగేది. తల తిప్పితే కళ్లలో నీళ్లు తిరిగేవి. కొన్నేళ్లకు కణతల దగ్గర జుట్టు ఊడిపోయి నుదురు వెనక్కి జరిగింది. మిగిలిన జుట్టు మాత్రం ఆరగానే యథాప్రకారం ముడుచుకునేది.

కూతురు లహరికీ అదే జుట్టు వచ్చింది. పిల్ల బడికి వెళ్లే వయసు వచ్చేసరికి నాయనమ్మ దాన్నీ చుట్టాల ముందుకు పిలవసాగింది. లహరి మొదట నవ్వేది. తర్వాత చుట్టాలొస్తే మంచం కింద దూరేది.

ఇక చాలనుకుంది పూర్ణిమ. కానీ అత్తను ఒక్క మాట అనలేకపోయింది. ఆమె కోపమంతా పిల్ల జుట్టు మీదికి మళ్లింది. బ్యూటీపార్లర్ ఆమె, జుట్టు తిన్నగా చేసే మందు చిన్నపిల్లలకు వేయనంది. దాంతో పూర్ణిమ బజార్లో అలాంటి క్రీమే కొని, మధ్యాహ్నం తలుపేసి, లహరిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని తనే పూసింది. ఒత్తు జుట్టు కదా అని డబ్బా మీద చెప్పినదానికంటే ఎక్కువసేపు ఉంచింది.

"అమ్మా, మండుతాంది."

"ఓర్సుకో. అందరూ నవ్వితే బాగుంటాదా?"

"అమ్మా, కడిగీయే! కడిగీయే!"

పిల్ల పెనుగులాడింది. పూర్ణిమ మోకాళ్లు ఇంకా బిగించింది. కడిగేసరికి నడినెత్తిన చర్మం ఊడి వచ్చింది.

రాయపూర్‌లో చర్మవైద్యురాలు గాయం శుభ్రం చేసి కట్టు కట్టింది. తర్వాత హిందీలో నెమ్మదిగా చెప్పింది. "ఈ జుట్టు పొట్టిది కాదమ్మా. పొడవు అందులోనే ఉంది, చుట్టుకుని ఉంది. తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. దాని స్వభావమే అంత. తడిగా ఉన్నప్పుడే అది బలహీనం. అప్పుడు బిగించి లాగితే కుదుళ్లు చచ్చిపోతాయి." పూర్ణిమ కణతల వైపు చూసి ఆగింది. "పాపకు నెత్తిన మచ్చ పడుతుంది. అక్కడ ఇక జుట్టు రాదు."

ఇంటికొచ్చాక అప్పలనరసమ్మ కట్టు పక్కన వేలాడుతున్న కాలిన వెంట్రుకల్ని తడిమి, "పోనీలే, తిన్నగా అయింది కదా" అంది.

లహరి ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. ఫోన్లో చూసి నేర్చుకుంది. తడి జుట్టును వేళ్లతోనే చిక్కుతీసి, మెత్తటి పాత చొక్కాతో అద్ది, లాగకుండా ఆరనిస్తుంది. రింగులు గుబురుగా విచ్చుకుని నెత్తి మీది మచ్చను కప్పేస్తాయి. వాటిని ఎవరినీ తాకనివ్వదు. ఒకసారి నాయనమ్మ చెయ్యి చాపితే ఆ మణికట్టు పట్టుకుని, ఆమె కెవ్వుమనేదాకా వదల్లేదు.

మొన్నొక ఆదివారం లహరి అద్దం ముందు ఉండగా పూర్ణిమ వెనక నిలబడి, బతిమాలుతున్నట్టు అడిగింది.

"నాకూ అలాగ సేసి పెడతావేటే?"

లహరి అద్దంలోనే తల్లి నుదుటి వైపు చూసింది.

"నీకు జుత్తేదమ్మా, సేయడానికి?"

అని చున్నీ తీసుకుని బయటికి వెళ్లిపోయింది. మంచం మీద నుంచి అప్పలనరసమ్మ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వి, మంచినీళ్లు అడిగింది. పూర్ణిమ తెచ్చి ఇచ్చింది.