ఒకే సీసా, రెండు డబ్బాలు

నాకు థైరాయిడ్ ఉందని తెలిసినప్పుడు నాకు బాధ కన్నా ముందు సంతోసం వేసింది. నవ్వకండి. మా తోటికోడలికి అప్పటికే ఏడాది నుంచీ అదే జబ్బు. మాత్ర మొదలెట్టిన ఆర్నెల్లకే ఒళ్లు తగ్గి, మొకం తేరి, కొత్త పెళ్లికూతురిలాగ తయారైపోయింది. ఇంకేటి, నానూ అలగే అయిపోతానని ఆశ.

సెల్లుఫోన్లు వీధికి ఒకటో రెండో ఉన్న రోజులవి. వన్ టౌన్లో ఒకే వరసలో అయిదు వాటాల ఇల్లు. ఒకటి మాది, పక్కది బావగారిది. అన్నదమ్ములిద్దరికీ పోర్టులోనే పని. అయిదు వాటాలకీ ఎనకాల ఒక్కటే లెట్రిన్. తెల్లారి ఎవరి బకెట్టు ముందుంటే ఆళ్లది ముందు వంతు. మనిషి నిలబడక్కర్లేదు, బకెట్టుంటే సాలు.

నా కడుపుకి మాత్రం వంతులూ గింతులూ తెలీవు. ఒక రోజు నాలుగు సార్లు, తరవాత మూడు రోజులు అసలు లేదు. గొట్టం ఏసి సూసేరు. పుండు లేదు, గడ్డ లేదు, ఐబీఎస్ అన్నారు. అంటే పేగులు మన మాట వినవు, అంతే. సివరి వాటా ఆవిడకి పిత్తాశయంలో రాయి తీసేరు. ఆ రాయి సీసాలో పెట్టుకుని, వొచ్చినోళ్లందరికీ సూపించీది. అందరూ అయ్యో అయ్యో అనీవోరు. ఆవిణ్ణి సూసి కూడా కుళ్లుకున్నాను నాను. నా దగ్గర సూపించడానికి ఏదుంది?

కానీ అసలు కుళ్లంతా మా తోటికోడలి మీదే. అప్పా అని పిలిసీదాన్ని. అప్ప బకెట్టు రోజుకి ఒక్కసారే కదిలీది. అయిదింటికల్లా ఆ పని అయిపోయీది. తరవాత ఇంటి పనంతా సేసుకుని, రాత్రి మిగిలిన సేపల పులుసు సద్దన్నంలో కలుపుకు తిని, కుట్టు సెంటరుకి ఎళ్లిపోయీది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టీవోరు అక్కడ. రెండో మిసను ఖాళీగా ఉంది, మీ సెల్లిని రమ్మను అని ఓనరమ్మ కబురెట్టింది. నాను టెంత్ తప్పేను గానీ, గుడ్డ నా సేతిలో పడితే సెప్పినట్టు వింటాది. ఆ మిసను మీద కూకోవాలని ఎంత పీకులాటో. అక్కడ లెట్రిన్ మేడ మీద, ఓనరమ్మ ఇంట్లో. రోజుకి ఎన్నిసార్లని మెట్లెక్కను? కొంచెం కుదురైతే వొస్తానన్నాను. దసరా సెలవలు అయ్యేదాకా సూస్తానంది ఓనరమ్మ. తరవాత ఇంకొకర్ని పెట్టుకుంటాదంట.

థైరాయిడ్ మాత్రలు వంద బిళ్లల సీసా వొచ్చీది. మా ఇద్దరిదీ ఒకే పవరు గనక, సీసా ఒకటి కొని అప్ప సెరిసగం సేసీది. తనవి ఒక సిన్న డబ్బాలో, నావి ఒక డబ్బాలో. అంతా బాగానే ఉంది. ఆవిడ రోజురోజుకీ తగ్గుతంది, నాను రోజురోజుకీ పెరుగుతన్నాను. దువ్వెన నిండా జుత్తు. మద్దాన్నం కూకున్నదాన్ని కూకున్నట్టే నిద్దరపోయీదాన్ని. మా అత్త పండక్కి ఇద్దరికీ ఒకే రకం సీరలు తీసీది, ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి వొచ్చిన సుట్టాలకి సెప్పీది, "ఒకే సీసాలో మందు. దానికి పట్టింది, దీనికి పట్టలేదు."

అప్పుడు పుట్టింది నాకు అనుమానం. పైనున్న మంచివి తను తీసుకుని, అడుగున నలిగిపోయినవి నాకు పోస్తందేమో. ఓరోజు అప్ప కుళాయి దగ్గిర ఉండగా ఆళ్ల వాటాలోకి ఎళ్లి, నా బిళ్లలు తన డబ్బాలో పోసి, తనవి నా డబ్బాలో పోసుకుని వొచ్చేను. సిగ్గు కూడా ఎయ్యలేదు.

నెల తిరిగేక రక్తం టెస్టు సేయిత్తే, తగ్గవలసిన నంబరు ఇంకా పెరిగింది. డాక్టరమ్మ పవరు పెంచింది. అప్పకేమో నా నలిగిపోయిన బిళ్లలే అమృతంలాగ పని సేసేయి.

సెలవలు ఇంకో వారంలో అయిపోతాయనగా, ఓ పొద్దున్న వరండాలో కూకుని ఉన్నాను. నా బకెట్టు మూడోది. కడుపు డాక్టరు రాసిన ఇసబ్‌గోలు పొట్టు గళాసు నీళ్లలో కలుపుకుని, థైరాయిడ్ మాత్ర నోట్లో ఏసుకుని గటగటా తాగేసేను. అప్ప బకెట్టు కోసం వొచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఒలే, రోజూ ఇలగేనా ఏసుకుంటన్నావు?"

నీళ్లతో ఏసుకోమన్నారు, ఇవీ నీళ్లే కదా అన్నాను. ఇద్దరు డాక్టర్లు, రెండు మందులు, ఒక్క గుక్కలో పనైపోతంది కదా అని నా తెలివి.

అప్ప గడప మీద కూలబడి నవ్వింది. తను పాలతో ఏసుకోవచ్చా అనడిగితే, వొట్టి నీళ్లు తప్ప ఏదీ కూడదని డాక్టరమ్మ అప్పుడే సెప్పిందంట.

"ఆ పొట్టు మాత్రని ఒంటికి పట్టనీకుండా కిందకి తోసుకుపోతంది. ఏడాది నుంచీ నీ మందంతా లెట్రిన్‌కి ఏసుకుంటన్నావే పిల్లా."

నాకూ నవ్వొచ్చింది. అంతలో తను గొంతు తగ్గించింది.

"సెమ్మ పట్టకుండా నా డబ్బాలో నాలుగు బియ్యం గింజలు ఏసుకున్నాను. అవి నీ డబ్బాలోకి ఎళ్లిన రోజైనా నన్నడగవలసింది."

అన్ని రోజులూ తెలిసుండి, అత్తతో గానీ బావగారితో గానీ ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు ఏడిసినంతగా ఎప్పుడూ తన మీద కుళ్లుకుని ఏడవలేదు. నా కడుపులో ఏదీ నిలవదు, తన కడుపులో అంతా నిలుత్తాది.

అప్ప లేచి తన బకెట్టు ఎనక్కి లాగి, నాది ముందు పెట్టింది. ఆ రోజు నుంచి తెల్లారి లేవగానే వొట్టి నీళ్లతో మాత్ర, పొట్టు రాత్రి పడుకునీ ముందు. రెండు నెలలకి నంబరు దిగింది. కడుపు మాత్రం దాని ఇష్టమే, ఇప్పటికీ అంతే.

సెంటరుకి మాత్రం సెలవలు అయిన రోజే ఎళ్లేను. మెట్ల పక్కన మిసను అప్పది. అది నాకిచ్చేసి, తను లోపలున్న రెండోదానికి మారింది. ఎవర్నీ అడక్కుండా నాను మెట్లెక్కి దిగీదాన్ని. వారం రోజులు హాయిగా ఉంది. తరవాత సూసేను, ఆ రెండో మిసను కొత్తది. సప్పుడు లేదు, దారం తెగదు.

"అప్పా, మంచిది నువ్వు తీసుకున్నావేటి?" అన్నాను.

తను తలెత్తలేదు. "రేపు పొద్దున్న ఇదీ మార్చుకుని పో," అంది.