ఎర్రగీత దాటిన పిలుపు

ఇప్పుడే మా వీధిలో బట్టలకొట్టు ప్రచారం ఆటో వెళ్లింది. మాట ఒక్కటీ తెలియదు, రేకు మీద కంకర పోసినట్టు ఒకటే బరబర. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీదంటే, ముందు నా మీదే.

మైదుకూరులో ఇలాంటి ప్రకటనలు రికార్డు చేసే గది హుసేన్ మామది. టేపుల కాలం నుంచీ ఆయనకు అదే పని. కంప్యూటరు కొన్నాక నన్ను పనిలో పెట్టుకుని, మొదటి రోజే తెర మీద ఎర్రగీత చూపించాడు. "టేపు మిషన్లో మీటరు ముల్లు ఎరుపులోకి పోయినా కొంచెం ఓర్చుకుంటాది పాపా. ఇది ఓర్చుకోదు, గీత దాటిన గొంతును కోసి పారేస్తాది. తక్కువలో పట్టుకుంటే రేపు పెంచుకోవచ్చు. తెగినాక తగ్గించినా తెగిందే" అన్నాడు. గొంతు ఎంత గట్టిగా పడుతోందో, ఆ లెవెల్ చూడకుండా రికార్డు నొక్కితే అందరి ముందూ తిట్టేవాడు. ఆ తిట్లు పడలేక రెండుసార్లు పని మానేసి, మళ్లీ నేనే వెళ్లాను.

తర్వాత ఆయన గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదన్నారు. కర్నూలుకు బయలుదేరే రోజు వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. "ఇంట్లో మీ అత్తకు నా గొంతు ఉండల్ల" అన్నాడు. కాసేపు మెల్లగా మాట్లాడి, చివర్లో రోజూ వాకిట్లోంచి పిలిచినట్టే "ఫాతిమా, వచ్చినా, అన్నం పెట్టు" అని కేకేశాడు. మా సీమలో పిలుపంటే నాలుగిళ్లకు వినబడాలి. నేను కళ్లు తుడుచుకుంటూ తెర చూడలేదు. ఆ ఉదయమే ఒక బట్టలకొట్టాయన "ఇంగా పెంచమ్మా, బజారంతా అదరల్ల" అంటే పెంచిన లెవెల్ అట్లాగే ఉంది. విని చూసేలోగా బస్సు వేళయింది.

నెల తర్వాత మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మెల్లగా మాట్లాడిందంతా బాగానే పడింది. ఆ పిలుపే పగిలిపోయింది. కాగితం ముక్క మీద "తగ్గించి చూడు" అని రాశాడు. తగ్గించాను. బరబర చిన్నదయింది గానీ పోలేదు. ఆయన తిట్టలేదు. తిట్టడానికి గొంతు లేదు. అంత తెలిసినవాడు ఆ రోజు ఒక్కసారి తెర వైపు చూడకపోయాడే అని ఆయన మీద కూడా కోపం వస్తుంది. పక్కన నేనున్నానని ధీమా.

మామ పోయాడు. గది ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఎవరైనా ఇంకా పెంచమంటే "బయట ఆటో మైకులో పెంచుకోప్పా, ఈడ పెంచను" అంటాను. కోపం చేసుకుని లేచిపోయినవాళ్లున్నారు. పోనీ. ఆ ముక్క ఆ ఉదయం బట్టలకొట్టాయనతో అని ఉంటే, ఫాతిమత్త ఇంట్లో ఆ పిలుపు ఉండేది.