జ్వరం రాని టీకా

మా అమ్మాయి పురిటికి అమలాపురం మా ఇంటికి వచ్చేనాటికి కరోనా టీకాలు వేస్తున్నారు. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టి, నలుగుపెట్టి నీళ్లు పోసేది మా అమ్మే. అలాంటిది సొంత మునిమనవరాలు పుడితే వీధిగదిలో మంచం వేసుకుని, గడప దాటి లోపలికి రానంది.

"టీకా వేయించుకున్నావు కదమ్మా!" అన్నాను.

"వేసేరు. పట్టాలి కదరా? పక్కింట్లో అందరికీ జ్వరాలొచ్చేయి. నాకు చెయ్యైనా నొప్పెట్టలేదు. పట్టని టీకాతో పసిదాన్నెలా ముట్టుకోను?"

నేను బళ్లో చదివింది పదో తరగతి. తక్కిన చదువంతా గ్రంథాలయంలోనే. ఆ ధీమాతో విడమరిచి చెప్పాను. టీకా మన ఒంట్లోని రక్షణ కణాలకు వైరస్ ఆనవాలు చూపిస్తుంది. కొన్ని దానికి తగిన యాంటీబాడీలు తయారుచేస్తాయి, కొన్ని ఆ ఆనవాలు గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత అసలు వైరస్ వస్తే వెతుక్కునే పని లేకుండా త్వరగా ఎదుర్కొంటాయి. జ్వరం కొందరికి వస్తుంది, కొందరికి రాదు. రాకపోయినా కణాలు తమ పని నేర్చుకుంటాయి.

అమ్మ చెయ్యి చాపి మశూచి టీకా మచ్చ చూపించింది. "చిన్నప్పుడు నాకు మొదటిసారి పొక్కు లేవలేదు. పట్టలేదని మళ్లీ పొడిచేరు. ఇది నీ పుస్తకంలో లేదా?"

లేదు. మర్నాడు గ్రంథాలయం తలుపు తీయగానే వెళ్లి, అట్ట ఊడిన పాత ఆరోగ్య పుస్తకం ఒకటి వెతికి పట్టుకున్నాను. అమ్మ చెప్పినట్టే ఉంది.

"నువ్వన్నది నిజమేనమ్మా," అన్నాను ఇంటికొచ్చి. "మశూచి టీకాలో బతికున్న క్రిమి చర్మంలో పెరిగేది. పొక్కు లేస్తేనే పట్టినట్టు. ఇప్పటి టీకాలో అలా పెరిగేదేమీ లేదు. అందుకే పైకి గుర్తు కనపడదు."

"అయితే నాది తప్పు కాదన్నమాట."

"కాదమ్మా."

"అదీ! అలా చెప్పు. నిన్న మాత్రం బడిపిల్లకి చెప్పినట్టు చెప్పేవు."

రెండో డోసుకి తనే ముందు తయారైంది. "టీకా పడినా వైరస్ అంటుకోవచ్చు మామ్మగారూ, జబ్బు ముదరకుండా కాస్తుంది. పసిపిల్ల దగ్గర మాస్కు తీయకండి," అంది నర్సమ్మ.

"ఆయ్, అలాగేనండి."

ఈసారీ జ్వరం రాలేదు. అమ్మ ఆ ఊసే ఎత్తలేదు. టీకా పనిచెయ్యడానికి నర్సమ్మ చెప్పిన రెండు వారాలూ లెక్కపెట్టుకుని, మాస్కు కట్టుకుని, పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. మా అమ్మాయి బిడ్డను భయంభయంగా అందించింది.

"బిగుసుకుపోకే, నీకు పోసింది నేనే," అంటూ అమ్మ బిడ్డను కాళ్ల మీదకు తీసుకుంది. మాస్కు చూసి గుక్కపట్టిన పిల్ల, వీపు మీద వేణ్ణీళ్లు పడగానే నోరు మూసుకుంది.

"తువ్వాలు తేరా," అంది అమ్మ, "చూస్తావేం?"